ముందుచూపు అవిశ్వాసమా?

ఆస్పత్రికి పోవు ఏర్పాటు ముందే చేసికొనుట అవిశ్వాసమని మన సంఘపెద్ద యొకరు అనిరి. నేనును ఒకప్పుడు అట్లే తలంచితిని. ఒక రాత్రి పాము కరచిన పిల్లవానియొద్ద నేను మోకరించియుండగా, బండి వెదకుటకే గంట గడిచెను. పిల్లవాడు బ్రతికెను గాని ఆ గంట నన్నింకను గద్దించుచున్నది.

లూకా 10వ అధ్యాయపు సమరయునియొద్ద నూనె, ద్రాక్షారసము, వాహనము, రెండు దేనారములు ఉండెను. వట్టిచేతులతో వచ్చియుంటే జాలి మాత్రమే మిగులును గదా!

2005లో ఆరంభమైన 108 బండి నేడును ఉన్నది. వానకాలమున మా వాగు దాటి రాలేదు. కాటుపడిన కాలిని కోయక, బిగించి కట్టక, కదలనీయక తీసికొనిపోవలెను. విరుగుడు మందు ఏ ఆస్పత్రిలో ఉన్నదో నేడే అడిగి తెలిసికొనుడి.

ట్రాక్టరు గలవారు ఆదివారము ఆరాధన తరువాత ఆగుడి. రాత్రివేళ వాగు దాటించువారి పేర్లు వ్రాసికొందము. ఆ పెద్దగారికిని ట్రాక్టరున్నది.