చింత చచ్చినా

చింత చచ్చినా పులుపు చావలేదంటారు. హోసూరు, కృష్ణగిరి పక్కల చింతమాను లేని ఊరు లేదు కాబట్టి ఈ సామెతను మన పాఠకులకు విడమర్చి చెప్పే పని లేదు. పాతబడిన పెద్ద కార్ల సంగతి చూసినప్పుడంతా నాకు ఇదే గుర్తుకొస్తుంది. కొత్తలో యాభై లక్షలు పలికిన జర్మనీ కారు పదేళ్ళు తిరిగేసరికి తొమ్మిది లక్షలకు దిగుతుంది. కారు వెల దిగుతుంది గాని దానిలోపలి సామాను వెల దిగదు. సామాను అమ్మేవాడికి మీరు ఎంతకు కొన్నారన్నదానితో పని లేదు. మొదట కొన్నవాడి తాహతును బట్టే వాడి లెక్క. తొమ్మిది లక్షలు పెట్టినవాడు యాభై లక్షలవాడి ఖర్చును నెత్తిన పెట్టుకొని ఇంటికి వస్తాడు.

మా అక్క మొగుడు, మా బావ, 2021లో అట్లా వచ్చినాడు. బాగలూరు దారిలో ఉండిన మూడెకరాలు లేఔటుకు పోయినాయి. వచ్చిన డబ్బుతో అప్పులు తీరినాయి, మిద్దె లేచింది, మిగిలినదానిలో బెంగళూరులో ఒక కారు. ఎన్‌ఓసీ తెచ్చి, తమిళనాడు పన్ను కట్టి, టీఎన్ 70 నంబరు వేయించేసరికే కొన్న వెల మీద ఇంకొంత ఎక్కింది. అది లెక్కలోకి రాదనుకోండి.

ఆ కారుకు మామూలు బండ్లకుండే ఇనుప స్ప్రింగులు లేవు. కమ్మరి కొలిమి తిత్తుల వంటి రబ్బరు తిత్తులు నాలుగు, వాటిలోకి గాలి కొట్టే కంప్రెసరు ఒకటి. గుంతలో పడినా లోపల కూర్చున్నవాడికి తెలియదు. బాగుంటుంది, నేనూ ఎక్కినాను. అయితే రబ్బరుకు వయసుంది. ఎండకు, దుమ్ముకు మడతల్లో బీటలు పడతాయి. రాత్రి నిలబెట్టిన కారు తెల్లారేసరికి ముసలి ఎద్దు మాదిరి ముందుకాళ్ళ మీద కూలబడి ఉంటుంది. తాళం తిప్పితే కంప్రెసరు గాలి కొట్టి లేపుతుంది. కారిపోయే గాలిని నింపీ నింపీ ఒకనాడు అదీ కాలిపోతుంది. తిత్తిని అప్పుడే మార్చి ఉంటే కంప్రెసరు మిగిలేది. తిత్తికి డబ్బు లేకనే గదా ఆగింది! లేనివాడికి రిపేరు ఖర్చు ఉన్నవాడికంటే ఎక్కువ కావడం ఇట్లాగే. రెండు తిత్తులు, కంప్రెసరు, కూలి కలిపి రెండు లక్షల పదివేలు అయింది. విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం ఉన్న రోజులవి. 2025 సెప్టెంబరు 22 నుండి అది 18 అయింది.

ఇన్సూరెన్సు ఉంది గదా అని అడిగినవాళ్ళు ఉన్నారు. గుద్దుకుంటే ఇస్తారు, అరిగిపోతే ఇవ్వరు. గుద్దుకున్నప్పుడైనా రబ్బరు, ప్లాస్టిక్ సామానుకు మామూలు పాలసీలో సగం కోసే ఇస్తారు. ఆ వ్యవహారంలో నాకు నచ్చిన నియమం ఒకటుంది. బాగుచేసే ఖర్చు బండికి కట్టిన విలువలో 75 శాతం దాటితే ఆ బండి పోయినట్టే లెక్క. ఎక్కడ ఆగాలో వాళ్ళు ముందే గీత గీసుకున్నారు. మన ఇండ్లలో అట్లాంటి గీత ఎవరు గీస్తారు?

పెద్ద బండి అనేది మొదటినుండీ ఒక పరివారాన్ని లెక్కలో పెట్టుకొని చేసిన వస్తువు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ సింహాసనం వంటి పీట ఉన్న రోల్స్ రాయిస్ ఒకటి చేయమని చెప్పి, అది రాకముందే 1911లో కన్నుమూసినాడు. 1912 నాటి ఆ బండిని కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ఎక్కింది బహు తక్కువ. ఎక్కకపోయినా అది చెడిపోకుండా నిలిచిందంటే తుడిచే చేతులు, వాటికి జీతమిచ్చే ఖజానా ఉన్నాయి కాబట్టి. హోసూరులోనే 1980లో పుట్టిన టీవీఎస్ 50ని చూడండి. దాన్ని చేసినవాడు కొనేవాడి జేబును చూసి చేసినాడు. స్పానరు పట్టడం వచ్చిన ఏ పిల్లవాడైనా చెట్టుకింద విప్పి బిగించగలడు. బెంగళూరు, చెన్నై, సేలం దారులు కలిసే కృష్ణగిరిలో లారీకి ఏ రాత్రయినా మెకానిక్కు దొరుకుతాడు. బావ కారు అక్కడ ఆగితే మాత్రం దాన్ని లారీ మీదకెక్కించి బెంగళూరుకు పంపాల్సిందే. కంపెనీ కంప్యూటరు తగిలించందే దాని జబ్బేమిటో అది చెప్పదు.

గొప్పకు పోయి చెడినాడని ఊరంతా అంటుంది. నేను ఒప్పుకోను. అమ్మేసెయ్ బావా అని నేనే ఒకసారి అంటే, బావ పలకలేదు. వంటింట్లోనుండి అక్క పలికింది.

"దాన్నీ అమ్మితే మనకని ఏముండాదిరా? భూమి పాయె. భూమి ఏమాయె అని ఎవరైనా అడిగితే చూపించేదానికి అదొక్కటే గదా ఉండాది."

నాకు అప్పుడు తెలిసింది, వాళ్ళకు అది కారు కాదని. మూడెకరాలు కంటికి కనబడే రూపంలో మిగిలింది ఆ కారొక్కటే. వాళ్ళు కడుతున్న రిపేరు బిల్లు భూమికి పెట్టే తద్దినం. భూమీ ఖర్చు పెట్టించింది, బోరు మీద బోరు వేయించింది. అయినా రాగులు పెట్టింది, అనుములు పెట్టింది. ఇది అడగడమే గాని పెట్టేది లేదు. తద్దినం పెట్టేవాడిని పిచ్చివాడనడానికి నాకు నోరు రాదు. తన పూట తిండి మానుకొని పెట్టుకుంటే అది అతని ఇష్టం.

అయితే ఆ రెండు లక్షల పదివేలు తిండి మానుకొని కట్టింది కాదు. అక్క గాజులు తాకట్టుకు పోయినాయి. అవి మా అమ్మ పాలు అమ్మి, రూపాయి రూపాయి చేర్చి చేయించినవి. వాటిలోనూ ఒక మనిషి జ్ఞాపకముంది. ఒక జ్ఞాపకాన్ని నిలబెట్టేదానికి ఇంకొక జ్ఞాపకాన్ని కరిగించవచ్చునా అన్నదే నా ప్రశ్న. అక్క మనసారానే ఇచ్చిందని బావ అంటాడు. నిజమే, నా ఎదురుగానే తీసి ఇచ్చింది, ముఖం కూడా చిన్నబుచ్చుకోలేదు. మనసారా ఇచ్చినదాన్ని అన్యాయమనడం ఎట్లా?

నాకు మాత్రం ఒకటి తేలలేదు. భూమి అమ్మేటప్పుడు అక్క వేలిముద్ర అక్కరలేదు, పత్రం బావ పేరున ఉంది. కారు కొనేటప్పుడు ఆమెను అడగలేదు, సాయంత్రం ఇంటిముందు నిలబెట్టి హారతి పట్టమన్నారు. అడిగింది తాకట్టుకు మాత్రమే. మొదటి రెండు మాటల్లో పాలు లేని మనిషి మూడోదానికి సరే అంటే, ఆ సరేకు ఎంత బరువు కట్టాలి? కాదనేదానికి ఆమెకు మిగిలింది ఏమిటి? బావ చెడ్డవాడు కాడు. గాజులు విడిపించేదాకా కొత్త చొక్కా కుట్టించనన్నాడు, కుట్టించలేదు కూడా.

మెకానిక్కు లెక్క మాత్రం సులభంగా ఉంది. ముందు తిత్తులు రెండూ కొత్తవి, వెనకవి రెండూ బండితో పుట్టినవి, ఇంకొక ఎండాకాలం ఆగవచ్చునన్నాడు. అక్క దగ్గర నాలుగు సవర్ల గొలుసు ఒకటి ఉంది.