తిరిగి వచ్చిన నొప్పి



నడుమునకు ఆపరేషన్ చేయించుకొని ఇల్లు చేరిన విశ్వాసి ఆదివారమున సంఘము ఎదుట నిలువబడి, కృతజ్ఞతార్పణ వేసి, ప్రభువు నన్ను బాగుచేసెనని సాక్ష్యమిచ్చును. అందరును స్తోత్రము చెప్పుదురు. ఆరు వారములు గడచిన పిమ్మట ఒక రాత్రి పిరుదునుండి తొడ వెనుకగా పిక్కవరకు ఆ పాత మంట మరల దిగును. అప్పుడతడు ఏమి చేయవలెను? ఇచ్చిన సాక్ష్యము అబద్ధమాయెనా? నొప్పి ఉన్నదని చెప్పినయెడల దేవుని నామమునకు అవమానము కలుగునా? ఇట్లు తలంచి అనేకులు నోరు మూసికొందురు. ఈ మౌనము భక్తియేనా అనునది మనము విచారింపదగిన సంగతి.

మన నందిగామ, జగ్గయ్యపేట మెట్టప్రాంతములో ఇది అరుదైన వ్యాధి కాదు. మిరపకాయలు కోయువారు, పత్తి తీయువారు దినమంతయు వంగియుందురు. నిండిన మిర్చి టిక్కీలను వీపున మోయువారి సంగతి చెప్పనేల! వెన్నుపూసల నడుమ దిండువలె నుండు డిస్క్ చినిగి, లోపలిది బయటకు వచ్చి నరమును నొక్కుటచేత కాలిలోనికి నొప్పి దిగునని 1934లో బోస్టను వైద్యులు మిక్స్టర్, బార్ అనువారు ప్రచురించిరి. మన దేశములో మెదడునకు, నరములకు శస్త్రచికిత్స చేయు విభాగము మొట్టమొదట 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు జేకబ్ చాందీగారిచే ప్రారంభమాయెను.

వైద్యుడు నరముమీది ఒత్తిడిని తీసివేయును గాని నెలల తరబడి నలిగిన నరము ఆ దినముననే నెమ్మది పొందదు. దెబ్బతిన్న నరము తిరిగి పెరుగునప్పుడు దినమునకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు, అనగా నెలకు ఒక అంగుళము చొప్పున సాగును. నడుమునుండి పాదమునకు ఎంత దూరమో లెక్కించుకొనుడి. ఈ కాలమున తిమ్మిరి, చీమలు పాకినట్లుండుట, మెరుపు కొట్టినట్లు లాగుట వచ్చుచు పోవుచు ఉండవచ్చును. కాబట్టి నొప్పి వచ్చినంతమాత్రమున ఆపరేషన్ చెడిపోయినదని అనుకొనరాదు. ఏమియు కాదని విడిచిపెట్టనుకూడదు. నూటికి ఐదుగురు మొదలు పదిహేనుమంది వరకు డిస్క్ మరల జారుట కలదు. మూత్రము బిగిసినను, మలమూత్రములు తెలియకుండ పోవుచున్నను, తొడల నడుమ స్పర్శ తప్పినను, పాదము పైకి లేవక యీడ్చుకొనిపోవుచున్నను, జ్వరము వచ్చి కుట్లవద్ద చీము కారినను, తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను. ఇట్టివి ప్రార్థన కూటము ముగియువరకు దాచదగినవి కావు.

నొప్పి దేవుని వరమని మన ప్రసంగములలో తరచుగా వినుచున్నాము. ఈ మాటకు బలమైన ఆధారము వేలూరులోనే కలదు. 1946లో అక్కడికి వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్‌గారు కుష్ఠరోగుల చేతులను, కాళ్లను పరీక్షించి, నొప్పి తెలియకపోవుటచేతనే అవి కాలి, చితికి నాశనమగుచున్నవని కనుగొనిరి. నిప్పు తగిలిన చేతిని వెనుకకు లాగించు నొప్పి నిజముగా వరమే. అయితే ఆ బోధను తెచ్చి ఈ రోగిమీద పెట్టుట నాకు సమ్మతము కాదు. దొంగ పోయిన తరువాత కూడ రాత్రియంతయు కేకలు వేయు కాపలావాడు ఇంటివారికి ఏమి మేలు చేయుచున్నాడు? నలిగిన నరము అట్టిదే. అది ఎల్లప్పుడు నిజమైన అపాయమునే తెలుపుననుట లేదు. నిద్రలేక ఏడ్చువానితో ఇది వరము, స్తుతించుమని చెప్పుట సులభమే, ఏలయనగా నొప్పి మనది కాదు గదా!

మార్కు సువార్త 8వ అధ్యాయములోని బేత్సయిదా గ్రుడ్డివానిని చూడుడి. ప్రభువు చేతులుంచి, ఏమైనను కనబడుచున్నదా అని యడిగినప్పుడు వాడు మర్యాదకొరకు అంతయు కనబడుచున్నదని చెప్పలేదు. నడచు మనుష్యులు చెట్లవలె అగుపడుచున్నారని ఉన్నది ఉన్నట్లు చెప్పెను. ప్రభువు వానిని గద్దింపక మరల చేతులుంచెను. సగము బాగుపడినవాడు సగమే బాగుపడితినని చెప్పుట అవిశ్వాసమైన యెడల, ప్రభువు ఆ ప్రశ్న ఏల అడుగును? ఆరు వారముల క్రిందట ఇచ్చిన సాక్ష్యము ఆ దినమునకు సత్యము, నేటి మూలుగు నేటికి సత్యము. మొదటిది నిలువవలెనని రెండవదానిని దాచుటయే అబద్ధము.

యాకోబు సంగతియు అట్టిదే. ఆశీర్వాదము పొందిన ఉదయముననే అతడు కుంటుచు వెళ్లెను. అతని తొడగూటి నరమును యూదుల పెద్దలు నడుమునుండి కాలికి దిగు పెద్ద నరముగానే ఎంచిరి. పౌలు తన ముల్లును గూర్చి మూడుసార్లు వేడుకొనెను. ఒకసారి అడిగి ఊరకుండుట విశ్వాసమనియు, మరల అడుగుట సందేహమనియు చెప్పువారు ఆ లెక్కను మరచిరి.

ఇక సంఘస్థులు చేయు గాయము వేరు. విశ్వాసము చాలలేదు, ఇంటిలో ఏదో పాపమున్నది అని మంచము ప్రక్కనే గుసగుసలాడుదురు. పుట్టు గ్రుడ్డివాని విషయమై శిష్యులడిగినదియు ఇదే, ప్రభువు దానిని త్రోసివేసెను. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చున్నంతకాలము మంచి స్నేహితులే, నోరు తెరచిన పిమ్మటనే చెడిపోయిరి. మాత్రలు మానుము, ప్రార్థన చాలును అనువారు మరింత ప్రమాదకరులు. నరముల మాత్రలను హఠాత్తుగా ఆపరాదు, వైద్యుడు చెప్పినట్లు కొద్దికొద్దిగా తగ్గింపవలెను.

ఇట్టి సహోదరుడు గాని సహోదరి గాని మీ సంఘములో ఉన్నయెడల, రెండు గంటల ఆరాధనలో చాపమీద కూర్చుండుమని బలవంతము చేయక గోడ ప్రక్కన కుర్చీ వేయుడి. నడుమ లేచి వెలుపల నాలుగడుగులు నడచి వచ్చినను ఎవరును తిరిగి చూడకుందురు గాక. ఈ యేటి మిరప కోతలకు ఆ యింటి కూలి పోయినది, బియ్యము సంగతి స్త్రీల సమాజమువారు ఈ వారమే విచారింపవలెను. ఎట్లున్నదని అడిగినప్పుడు, బాగులేదు అను జవాబు వినుటకు కూడ సిద్ధపడి అడుగుడి.