నీటి ఊటయొద్దకు
(2 రాజులు 2:19–22, యాకోబు 2:15–16)

మన సంఘములలోని అనేక కుటుంబముల ఆడపిల్లలు నర్సు శిక్షణకు వెళ్లుచున్నారు. రోగిని కనిపెట్టుట, మందిచ్చుట, గాయము కట్టుట వారికి నేర్పబడును. రోగము రాకమునుపే పల్లెలకు పోయి ఆరోగ్యమునుగూర్చి జనులకు చెప్పుటయు వారి చదువులో భాగమే. పటములు వ్రాసికొని, రచ్చబండయొద్దనో అరుగుమీదనో నిలువబడి, నీళ్లు కాచి త్రాగుడి, చేతులు కడుగుకొనుడి, ఆకుకూరలు తినుడి అని చెప్పుదురు. ట్యూటరమ్మ ప్రక్కన నిలిచి మార్కులు వేయును. పటము బాగున్నదా, మాట స్పష్టముగా నున్నదా అని చూచును. విన్న తల్లి ఆ పని చేయగలదా అని విచారించుట అరుదు.

ప్రియులారా, ఇందులో మనమందరము ఆలోచింపదగిన ప్రశ్న యొకటి యున్నది. చేయుటకు శక్తిలేనివారికి మంచి మాట చెప్పుట మేలా, భారమా? బట్టయు తిండియు లేని సహోదరునితో చలి కాచుకొనుము, కడుపునిండ తినుము అని చెప్పి పంపివేయువానిని యాకోబు మన కన్నులయెదుట నిలిపెను. అతని మాటలలో అబద్ధము లేదు, మర్యాదకు లోటును లేదు. అయినను ప్రయోజనము లేదు. కోడికూతకే కూలికి పోవలసిన తల్లితో, బిడ్డకు దినమునకు అయిదుసారులు వేడి వేడిగా వండి పెట్టుమనుట యిట్టిదే కదా!

నల్లగొండ సీమ సంగతి చూడుడి. భూమిలోని నీటియందలి ఫ్లోరైడువలన ఎముకలు బిగిసి నడుము వంగిపోవు వ్యాధిని 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, వైద్యులు గుర్తించి ప్రకటించిరి. తరువాత నల్లగొండ జిల్లా పల్లెలలో అది విస్తారముగా కనబడెను. త్రాగు నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. అంతకు మించిన యొక ఊరిలో విద్యార్థిని నిలిచి, నీళ్లు కాచి త్రాగుడి అని చెప్పినదనుకొందము. కాచినయెడల క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైనకొలది అది మరింత చిక్కనగును. పాఠము చక్కగా అప్పగింపబడెను, కట్టెలు ఖర్చయ్యెను, ఎముకలు వంగుచునే యుండెను. పైగా, చెప్పిన మాట వినరు గనుకనే వీరికి రోగములని పల్లెవారిమీద తప్పు మోపుటయు కద్దు. పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపము చేసినదెవరని శిష్యులు ప్రభువునడిగిరి. రోగి కనబడగానే తప్పు వెదకు బుద్ధి అంత పాతది.

యెరికో పట్టణస్థులు ఎలీషాయొద్దకు వచ్చి, ఊరు రమ్యమైనదే గాని నీళ్లు చెడ్డవని చెప్పిరి. ఆయన వారి మాట వినెను. క్రొత్త పాత్రలో ఉప్పు తెమ్మని వారినే అడిగెను. దానిని తీసికొని నేరుగా ఊటయొద్దకు పోయెను. బాగుచేసినవాడు దేవుడు, ప్రవక్త నడచిన త్రోవను మాత్రము మన పిల్లలు నేర్చుకొనవచ్చును.

1986లో కెనడాలోని ఒట్టావాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షమున జరిగిన సభ, తమ ఆరోగ్యముమీద ప్రజలకే అధికారము పెరుగునట్లు వారిని బలపరచవలెనని చెప్పెను. శాంతి, ఇల్లు, చదువు, ఆహారము, ఆదాయము, న్యాయము ఆరోగ్యమునకు పునాదులనెను. విద్యార్థినులు దీనిని పరీక్షకు కంఠస్థము చేయుదురు. కాని ఫ్లోరైడు పల్లెలో దీని అర్థమేమి? బోరు నీళ్లను పరీక్షకు పంపుట, ఫలితమును ఊరివారికి చదివి వినిపించుట, వారితో కూడ పంచాయతీకి పోయి అడుగుట. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టబడినది. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకమువలన నదుల నీళ్లు గొట్టములద్వారా తెలంగాణ పల్లెలకు వచ్చెను. వంగిన ఎముకలు మాత్రము తిరిగి సరికావు.

అట్లయిన బోధ అక్కరలేదా? అట్లు మేము చెప్పము. శ్రీకాకుళము ప్రాంతమున కొందరు స్త్రీలు, వెలిగించిన కొన నోటిలోపల నుంచి చుట్ట త్రాగుదురు. దీనిని అడ్డపొగ అందురు. దానివలన అంగిలికి క్యాన్సరు వచ్చును. ఇచ్చట మౌనముగా నుండుట ప్రేమ కానేరదు. అయితే మామ్మ ప్రక్కన కూర్చుండి, అమ్మా, ఈ అలవాటు నీకెప్పుడు వచ్చినది, మానుటకు ఎప్పుడైన ప్రయత్నించితివా, అప్పుడేమి కష్టమాయెను అని అడిగిన పిల్ల మాటకును, దూరముగా నిలిచి పటము చూపిన పిల్ల మాటకును భేదమున్నది.

మొదటిసారి పల్లెకు పోవునప్పుడు విద్యార్థినులు పటమును ఇంటనే విడిచి, వినుటకే పోవుట మంచిదని మాకు తోచుచున్నది. మార్కులును దానికే వేయవలెను. మీ ఊరికి ఈ పిల్లలు వచ్చినయెడల సంఘపెద్దలు వారికి కుర్చీలు వేసి ఊరకుండక, బోరింగుయొద్దకు తోడుకొనిపోయి నీళ్లు రుచి చూపింపుడి. ఏ వీధివారు ఎక్కడినుండి బిందెలు మోయుచున్నారో చెప్పుడి.