దీని పేరేంది సామీ?



వేసవి సెలవుల్లో మా విచారణలో పిల్లలకు సత్యోపదేశ తరగతులు పెడతాము. ఒకరోజు మూడో తరగతి చదివే ఒక అబ్బాయి ఊరగాయ సీసాలో పెద్ద సాలీడును పట్టి తెచ్చాడు. గుడి వెనుక ఉన్న పాత వేపచెట్టు తొర్రలో దొరికిందట. ముందు వరుసలోని పిల్లలు కేకలు వేసి లేచిపోయారు. వాడు మాత్రం సీసాను నా ముఖం దగ్గరకు తెచ్చి, "దీని పేరేంది సామీ?" అన్నాడు. "సాలీడుకు పేరేమిటిరా! సాలీడే దాని పేరు. అవతల పారేయి" అన్నాను. ఆ తొందరలో సీసా వాడి చేతిలోంచి జారి పగిలింది. నేను చెప్పుతో దాన్ని చంపేశాను. ఆనాటి పాఠం ఐదవ ఆజ్ఞ అని సాయంత్రం మా ఉపదేశిగారు నవ్వుతూ గుర్తు చేసేదాకా నాకు తట్టలేదు.

వాడు ఏడవలేదు. అడిగిన దానికి జవాబు రాలేదన్నట్టుగా నా వైపు చూసి వెళ్ళిపోయాడు. ఆ చూపు నన్ను కొన్నాళ్ళు వదలలేదు. మా విచారణలోనే కళాశాలలో జంతుశాస్త్రం చెప్పే ఒకాయన ఉన్నారు. ఆయనతో ఈ సంగతి చెప్తే, "ఫాదర్, మన జిల్లా సాలీడు గురించి మీకు తెలియదా?" అని కొన్ని కాగితాలు చేతిలో పెట్టారు.

గుత్తి అనగానే మనకు కోటా, రైల్వే జంక్షనూ గుర్తుకొస్తాయి. ప్రపంచంలో సాలీళ్ళను చదివేవారికి మాత్రం గుత్తి అంటే ఒక నీలిరంగు సాలీడు. 1899లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేస్తున్న పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఆయన ముందున్నది ఒకే ఒక్క ఆడ సాలీడు. అది దొరికిన చోటు గుత్తిలోని రైల్వే వారి కలప యార్డు. ఆయన పెట్టిన పేరు పొయెసిలోథీరియా మెటాలికా. 'మెటాలికా' లతీను మాట. లోహంలా మెరిసేది అని అర్థం. (సెమినరీలో లతీను నేర్చుకుంటూ, ఇది ఎందుకు పనికొస్తుందా అని గొణిగిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.)

ఒక కొత్త ప్రాణిని వర్ణించడమంటే ఏమిటి? చూసి, బాగుందని ఒక పేరు తగిలించడం కాదు. దానికి దగ్గరి చుట్టాలయిన ప్రాణులన్నిటి పక్కనా పెట్టి చూడాలి. కాళ్ళ కింది చారలు, కళ్ళ అమరిక, వెంట్రుకలు, కొలతలు అన్నీ ఓపికగా రాయాలి. ఎందులో వాటిని పోలి ఉందో, ఎందులో వేరో తేల్చాలి. ఆ వర్ణనకు ఆధారమైన నమూనాను భద్రపరచాలి. నూరేళ్ళ తర్వాత ఎవరికైనా సందేహం వస్తే ఆ నమూనా దగ్గరకే వెళ్ళి సరిచూసుకుంటారు. మేజర్ సెమినరీలో తర్కశాస్త్రం చెప్పేటప్పుడు మా గురువుగారు ఇదే నేర్పారు. ఒక వస్తువును నిర్వచించాలంటే ముందు దాని కులం చెప్పు, తరువాత దాని భేదం చెప్పు అనేవారు. అప్పుడు మనిషి, గుర్రం ఉదాహరణలతో సరిపెట్టుకున్నాము. సాలీడు దాకా రాలేదు.

పునీత తోమాసు అక్వినాసుగారు మాత్రం ఈగ దాకా వచ్చారు. విశ్వాస సంగ్రహం మీద ఆయన చేసిన ప్రసంగాల మొదట్లోనే ఈ మాట ఉంది. మన తెలివి ఎంత బలహీనమంటే, ఏ తత్వవేత్తా ఒక్క ఈగ స్వభావాన్ని కూడా పూర్తిగా ఎరుగలేకపోయాడట. తేనెటీగ స్వభావం తెలుసుకోవాలని ఒకాయన ముప్పై ఏళ్ళు ఏకాంతంలో గడిపాడని కూడా చెప్పారు. అంతటి వేదపండితుడు ఈగ ముందు ఆగి తల వంచాడు. నేను చెప్పు తీశాను.

సృష్టిలో ఇన్ని రకాలు ఎందుకు అన్న ప్రశ్నకు కూడా అక్వినాసుగారు జవాబు ఇచ్చారు. సర్వేశ్వరుని మంచితనాన్ని ఏ ఒక్క ప్రాణీ పూర్తిగా చూపలేదు కాబట్టి, ఒకదానిలో లేనిది మరొకదానిలో కనబడేలా అనేక రకాలను చేశాడన్నారు. అలాగైతే ఒక రకం నశించిపోతే ఆ ఒక్కటి చూపే మంచితనం ఇక చూపేవారు లేరన్నమాట. 2015లో పోప్ ఫ్రాన్సిస్‌గారు సృష్టి సంరక్షణ గురించి రాసిన విశ్వలేఖలో ఇదే బాధ పలికింది. మనవల్ల అంతరించే ప్రాణులు ఇక తమ ఉనికితో దేవుణ్ణి మహిమపరచలేవని, అందుకు మనకు హక్కు లేదని ఆయన అన్నారు.

మళ్ళీ గుత్తికి వద్దాము. పోకాక్ వర్ణించిన తర్వాత 102 ఏళ్ళు ఆ సాలీడు ఎవరికీ దొరకలేదు. గుత్తిలో వెతికితే ఎలా దొరుకుతుంది? దాని ఇల్లు గుత్తి కాదు. 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో, అంటే గుత్తికి దాదాపు వంద కిలోమీటర్ల అవతల, మళ్ళీ కనబడింది. పెద్ద చెట్ల తొర్రల్లో ఉంటుంది, రాత్రిపూట బయటికొచ్చి పురుగుల్ని పట్టుకుంటుంది. దుంగలతోపాటు రైలెక్కి గుత్తికి వచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. చెట్టు కొట్టేశారు, ఇల్లు బండెక్కింది, లోపలున్నదీ దానితోపాటే వచ్చింది. దిగిన చోటే దాని ఊరని లోకం రాసుకుంది.

అనంతపురం వాళ్ళకు ఈ కథ కొత్త కాదు. వాన రాని ఏడు శెనక్కాయ పంట ఎండితే మనమూ రైలెక్కేవాళ్ళమే కదా.

ఆ సాలీడు నీలం గురించి ఒక మాట. అది రంగు కాదట. పూసిన వర్ణం ఏదీ లేదు. వెంట్రుకల మీద కంటికి కనబడనంత సన్నని నిర్మాణం ఉంది. దానిమీద వెలుగు పడి నీలంగా తిరిగి వస్తుంది. చీకటి తొర్రలో ఉండేదానికి ఇంత అందం ఎవరు చూడాలని ఇచ్చాడో సర్వేశ్వరునికే తెలియాలి.

ఆ అందమే దానికి ఆపద తెచ్చింది. విదేశాల్లో ఇలాంటి సాలీళ్ళను అద్దాల పెట్టెల్లో పెంచుకునేవారున్నారు. పేరు, రంగు, అడవి తెలిశాక దానికి వెల కూడా ఏర్పడింది. అది బతికే అడవి వంద చదరపు కిలోమీటర్లు కూడా లేదని, ఆ అడవి కూడా నరికివేతతో పాడవుతోందని, 2008లో దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న ప్రాణుల జాబితాలో చేర్చారు. ఈ జాతి సాలీళ్ళ అంతర్జాతీయ వ్యాపారం మీద 2019లో గాని అదుపు రాలేదు. పేరు పెట్టడం మంచిదే అని నేను చెప్పబోతుంటే ఈ సంగతి అడ్డుపడింది. పేరు తెలిసిన ప్రతివాడూ ప్రేమించేవాడు కాదు. కాపరి తన గొర్రెలను పేరుపెట్టి పిలుస్తాడని సువిశేషం చెబుతుంది. సంతలో దళారి కూడా గొర్రెల రకాల పేర్లన్నీ చెప్పగలడు.

ఆదికాండంలో దేవుడు జంతువులను ఒక్కొక్కటిగా ఆదాము దగ్గరకు తెచ్చి, ఏ పేరు పెడతాడో అని చూశాడు. చేసినవాడు తానే పేర్లు పెట్టి ఊరుకోవచ్చు. పెట్టలేదు. మనిషి చూసి పిలిచేదాకా ఆగాడు. ఆ పని ఇంకా ముగియలేదు. ఏటా ఎక్కడో ఒకచోట కొత్త పురుగులకు, చేపలకు, మొక్కలకు పేర్లు పెడుతూనే ఉన్నారు.

అయితే గ్రంథంలో ఆ సాలీడు పేరు పక్కన 'పోకాక్, 1899' అని ఉంటుంది. దుంగలు మోసిన కూలీల పేర్లు ఉండవు. శాస్త్రం పద్ధతి అంతే, అందులో తప్పు పట్టనక్కరలేదు. కానీ అప్పటికి ఇరవై ఏళ్ళ ముందే ఈ నేలమీద 1876-78 నాటి ధాత కరువు నడిచింది. ఆ కరువులో దారులవెంట రాలిపోయిన మనుషులకు ఏ పుస్తకంలో పేర్లున్నాయి? కలివికోడి కథ దీనికి కొంచెం నయం. 1900లో అనంతపురం ప్రాంతంలో కనబడిన తర్వాత మాయమైన ఆ పక్షి, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. దాన్ని రాత్రిపూట పట్టిన స్థానికుడు ఐతన్న పేరు ఆ చరిత్రలో నిలిచింది. శాస్త్రం పోయిందనుకున్న పక్షికి మన పల్లెల్లో కలివికోడి అని పేరు ఉండనే ఉంది.

ఈ కాగితాలు చదువుతున్న రోజుల్లోనే కుటుంబాల రిజిస్టరు సరిచూడవలసి వచ్చింది. ఇళ్ళు తిరుగుతుంటే ఒక అవ్వ, "సామీ, మావోని పేరు మీ పుస్తకంలో ఉండాదా?" అని అడిగింది. ఉంది. జ్ఞానస్నానం తేదీ కూడా ఉంది. ఆ పక్కన నా చేతివ్రాతతోనే 'ఊరిలో లేడు' అని ఉంది. రెండేళ్ళ క్రితం రాశాను. ఎక్కడికి పోయాడని అప్పుడు అడగలేదు. అలాంటి మాటలు ఆ రిజిస్టరులో లెక్కపెడితే నలభైకి పైగా ఉన్నాయి. నలభైమందినీ ఒకే మాటతో వర్ణించాను.

అవ్వ మనవరాలు సెల్‌ఫోనులో చూసి చెప్పింది. బెంగళూరులో మేస్త్రీ పని, ఫలానా వీధి, ఎనిమిది మందితో ఒకే గది, దగ్గరలో గుడి ఎక్కడుందో వాడికి తెలియదు. గడి చిన్నది. మార్జిన్‌లో రాసుకున్నాను. ఆ ఆదివారం నుండి బలిపూజ అయ్యాక ఒక్కొక్క ఇంటివారూ వచ్చి మిగతా వాళ్ళవి చెబుతున్నారు. ఇంకా పదకొండు మందివి రావాలి. మీ ఇంటిలో ఎవరైనా ఉంటే మీ విచారణ గురువుగారికి చెప్పండి.

సీసా అబ్బాయి మొన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి అగ్గిపెట్టెలో ఏదో పచ్చటి పురుగు. ఇద్దరం చాలాసేపు చూశాము. "దీని పేరు నాకు తెలియదురా" అన్నాను. "మల్ల పేరు ఎవురు పెడతారు సామీ?" అన్నాడు. కాళ్ళు ఎన్నున్నాయో లెక్కపెట్టి నోటుబుక్కులో రాయమన్నాను. రాశాక ఏ చెట్టు మీద పట్టాడో ఆ చెట్టు మీదే వదిలిరావడానికి వేపచెట్టు దగ్గరకు ఇద్దరం నడిచాము.