త్యాగమా? తాకీదా?

ఇతరుల కోసం తన గెలుపును వదులుకోవడం గొప్ప గుణమే. కాని వదులుకొమ్మని పైవారు ఆజ్ఞాపిస్తే? అప్పుడూ దానిని త్యాగమనే అందామా? ఈ ప్రశ్నకు ఫార్ములా వన్ కారు పందేల చరిత్రలోని రెండు సంఘటనలు చక్కని వెలుగునిస్తాయి. ఈ పందేల్లో జట్టు ఒక్కటే అయినా ఛాంపియన్ బిరుదు ఒక్కరిదే. కనుక సాటి జట్టువాడే తొలి ప్రత్యర్థి అవుతాడు.

1956 సెప్టెంబరులో ఇటలీలోని మోంజాలో ఆ ఏటి ఆఖరి పందెం జరిగింది. ఫెరారీ జట్టులో ముఖ్యుడైన ఫాంజియో కారు చెడిపోయింది. ఒకరి కారును మరొకరు అందుకుని నడపడానికి ఆనాటి నియమాలు ఒప్పుకునేవి. జట్టులోని ముస్సో తన కారును ఇవ్వలేదు. 24 ఏళ్ళ ఇంగ్లీషు యువకుడు పీటర్ కాలిన్స్ మాత్రం, తనకూ ఛాంపియన్ అయ్యే అవకాశం మిగిలి ఉండగానే, ఎవరూ ఆజ్ఞాపించకుండానే కారు దిగి ఇచ్చేశాడు. ఫాంజియో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కాలిన్స్ 1958లో జర్మనీలో పందెంలోనే మరణించాడు. ఆ బిరుదు అతనికి ఎన్నడూ దక్కలేదు.

2002 మే 12న ఆస్ట్రియాలో మళ్ళీ ఫెరారీ జట్టే. బ్రెజిల్ దేశస్థుడు బారికెల్లో ముందున్నాడు. జట్టు అధికారుల ఆజ్ఞను కాదనలేక, గమ్యం ఎదుటికి వచ్చాక వేగం తగ్గించి షూమాకర్‌ను ముందుకు పోనిచ్చాడు. షూమాకర్ అప్పటికే ఆ ఏటి 5 పందేలలో 4 గెలిచి ఉన్నాడు. జనం గేలి చేశారు. షూమాకర్ తాను నిలబడవలసిన పై మెట్టుమీద బారికెల్లోను నిలబెట్టాడు. ఫలితాన్ని మార్చే ఆజ్ఞలను 2003 నుండి నిషేధించారు. అవి చాటుమాటుగా సాగుతూనే ఉండటంతో 2011లో నిషేధాన్ని ఎత్తివేశారు.

జీతం తీసుకునేవాడు యజమాని మాట వినవద్దా అని అడగవచ్చు. వినాలి. విధేయత సద్గుణమే. గురువులమైన మేమూ అభిషేకం నాడు మేత్రాణులకు విధేయతను వాగ్దానం చేస్తాం. అయితే, ఒక కార్యం మంచిచెడ్డలను ఉద్దేశాన్ని, పరిస్థితులను కూడా చూసి తూచాలని పునీత తోమా అక్వినాసు నేర్పారు. రెండు చోట్లా జరిగింది సహచరునికి చోటివ్వడమే. మోంజాలో ఇచ్చినవాడు మనసారా ఇచ్చాడు, అవసరమున్నప్పుడు ఇచ్చాడు. ఆస్ట్రియాలో అంత అవసరమూ లేదు, ఇచ్చినవానికి ఇష్టమూ లేదు. ఓడినవానికే కాదు, గెలిచినవానికీ ఆ గెలుపు బరువైంది. నిజమైన పోటీ చూడవచ్చిన జనానికీ అన్యాయం జరిగింది. అధికారం గలవాడు స్థానాన్ని తీసుకోగలడు గాని త్యాగాన్ని తీసుకోలేడు. అది ఇచ్చేవాని చేతిలోనే ఉంటుంది.

యోహాను సువిశేషం 10వ అధ్యాయంలో ప్రభువు, తన ప్రాణాన్ని ఎవరూ లాగుకోవడం లేదని, తానే ఇస్తున్నానని చెప్పారు. తండ్రికి సంపూర్ణ విధేయుడైన కుమారుడే ఆ మాట అన్నారని మరువకూడదు. నిజమైన విధేయత స్వేచ్ఛను చంపదు.

మన ఇళ్ళలోనూ ఈ పందెం జరుగుతుంది. తమ్ముని చదువు కోసం అక్కను బడి మాన్పించి, "మా అమ్మాయి త్యాగం చేసింది" అని నలుగురిలో చెప్పుకుంటాం. ఆ బిడ్డను ఎవరైనా అడిగారా? తల్లిదండ్రులారా, త్యాగం మీరు చేసి పిల్లలకు చూపించండి. తాకీదు ఇవ్వక తప్పని రోజు వస్తే దానిని తాకీదు అనే పిలవండి. ఆ బిడ్డ పోగొట్టుకున్నదానికి మీరు బాకీ పడ్డారని గుర్తుంచుకోండి.