చేను మారితే స్ప్రింగు చూసుకో

ఒరే అబ్బాయ్, ట్రాక్టరు ఒక్క నిమిషం ఆపు. డిసెంబరు వచ్చింది, వరి కోతలయ్యాయి, పదును ఆరకముందే మొక్కజొన్న పడాలి, అవతల చేలవాళ్ళు నీకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. నీ తొందర నాకు తెలియంది కాదు. అయినా చెప్తాను, విను. నిన్న చావలిలో బిగించిన బిగింపుతోనే ఇవాళ జంపని చేలోకి దిగుతున్నావు. అది పనికిరాదు నాయనా. చేను మారినప్పుడల్లా సీడ్ డ్రిల్లు స్ప్రింగులు చూసుకోవాలి.

మన వేమూరు మాగాణుల్లో పూర్వం వరి కోతకు రెండు మూడు రోజుల ముందే చేలో మినుములు చల్లేవాళ్ళు. పల్లాకు తెగులూ బంగారు తీగా కలిసి మినుమును నిలవనీయకపోతే, 2000 దాటాక దున్నకుండానే మొక్కజొన్న వేయడం పెరిగింది. అప్పుడు ఆడవాళ్ళు తాడు పట్టుకుని, కర్రతో పొడిచి, గింజ వేసేవాళ్ళు. నేల గట్టిగా తగిలితే వాళ్ళ చెయ్యి ఇంకాస్త నొక్కేది, మెత్తగా ఉంటే ఊరుకునేది. నీ మిషనుకు ఆ స్ప్రింగే చెయ్యి. ఎంత నొక్కాలో చెప్పాల్సింది నువ్వు.

బిగింపు చాలకపోతే ఏమవుతుందో నీకూ తెలుసు. వరి దుబ్బుల మీద చాలు తీసే డిస్కు ఎగిరెగిరి పడుతుంది, గింజ పైపైనే ఉండిపోతుంది, పిట్టలు ఏరుకుంటాయి. అందుకని ఎక్కువ బిగిస్తే మంచిదేగా అనుకుంటావు. అక్కడే పొరపాటు. మన నల్లరేగడి పచ్చిగా ఉన్నప్పుడు ఎక్కువ నొక్కితే ఆ చాలు గోడలు నున్నగా అణిగిపోతాయి. లేత వేరు ఆ గోడను చీల్చుకుని పక్కకు పోలేక చాలు వెంటే పాకుతుంది. తర్వాత ఎండెక్కి నేల బిగుసుకునేసరికి సరిగ్గా ఆ చాలు వెంటే నెర్రె విచ్చుకుంటుంది, వేరు గాలికి బయటపడుతుంది. మొలక బాగానే వచ్చింది, మొక్క ఎందుకు వాడిందా అని రైతు మందుల కొట్టు చుట్టూ తిరుగుతాడు.

అందుకే దిగి చూడమంటున్నాను. గట్టు పక్కన చూసి బిగించకు, అక్కడ బళ్ళు తిరిగి నేల గట్టిపడి ఉంటుంది. చేను నడుమకు పోయి కొంత దూరం తోలి ఆపు. లోతు చక్రాన్ని చేత్తో తిప్పు. తేలిగ్గా గిర్రున తిరిగితే బరువు చాలలేదు. ఎంతకీ కదలకపోతే ఎక్కువైంది. కాస్త బలం పెడితే తిరగాలి. తర్వాత చాలు విప్పి గింజను వెతుకు. నాలుగైదు సెంటీమీటర్ల లోతున, చుట్టూ మట్టి ఒరుసుకుని ఉండాలి. ఒక్క చాలు చూసి లేవకు, అన్ని చాళ్ళూ చూడు. కోత మిషను నడిచిన జాడలో ఒకసారి, నడవని చోట ఒకసారి చూడు. చాలులోకి గడ్డి మడతపడి గింజ దాని మీద కూర్చుందనుకో, వెంటనే రెంచి తీయకు. పొద్దున్నే మంచుకు తడిసిన గడ్డి తెగదు. కాస్త ఎండెక్కనివ్వు.

ఎకరానికి ఎనిమిది కిలోల విత్తనం, 33 వేల మొక్కలు. అన్నీ ఒక్కసారే మొలవాలి. వారం వెనక మొలిచింది పక్క మొక్క నీడలో పీలగా లేచి, కండె కట్టినా గింజ నిండదు. నీ అద్దె ఎకరాల లెక్కన వస్తుంది, ఈ చేను చేసే కౌలు రైతుకు డబ్బు కండెల లెక్కన వస్తుంది. ఆ విత్తనాల సంచి ఇంటావిడ గాజులు కుదువబెట్టి తెచ్చిందో ఏమో, మనకు చెప్పుకుంటాడా? నువ్వు చెడ్డవాడివి కాదు, పనిమంతుడివి. కానీ రోజుకు ఎన్ని ఎకరాలు తోలావన్న పందెంలో పడి కిందికి దిగడం మానేశావు. ఆ పందెం కాస్త తగ్గించుకో నాయనా. వేగం తగ్గితే డిస్కు ఎగురుడూ తగ్గుతుంది.

ఇంకోటి, తోలుతుంటే డబ్బాలో విత్తనం తగ్గుతుంది, దాంతో బరువూ తగ్గుతుంది. ఈలోగా నేల పైపొరా ఆరుతుంది. పొద్దున సరిపోయిన బిగింపు మధ్యాహ్నం సరిపోతుందని లేదు. అన్నం తిని మళ్ళీ ఎక్కేముందు ఇంకోసారి చాలు విప్పి చూడు. చూసేటప్పుడు రైతును కూడా పక్కకు పిలిచి గింజ ఎక్కడ పడిందో చూపించు. రెంచి మాత్రం సీటు కింద పారేయకు, చేతికందేలా పెట్టుకో.