రెండు పెట్టెలు, ఒక సన్నాయి

కంచిలి దగ్గర ఉద్దానం పల్లెలో ఒక సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు. పెళ్లయినా, అమ్మవారి సంబరమైనా చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆయన్నే పిలిచేవి. ఉద్దానాన్ని ఏళ్ల తరబడి పీడిస్తున్న కిడ్నీ జబ్బు ఆయన్నీ పట్టుకుంది. డయాలసిస్ మొదలయ్యాక ఊదడానికి ఊపిరి నిలవలేదు. సన్నాయి గూట్లోకి చేరింది.

ఆయనకు ఇద్దరు కొడుకులు. ఇద్దరూ కీబోర్డు వాయిస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తోటలో కొబ్బరినంతా పడగొట్టాక మిగిలింది కాస్త జీడి. ఆ పంట డబ్బు కొన్నేళ్లు కూడబెట్టి మంచి సింథసైజర్ కొనాలనుకున్నారు. ఉన్న డబ్బు ఒక్కదానికే వస్తుంది. ఏది కొనాలన్న దగ్గర పేచీ వచ్చింది.

పెద్దవాడికి పాత అనలాగ్ పెట్టె మీద మనసు. చెన్నైలో మూతపడ్డ ఒక స్టూడియోలో మినీమూగ్ ఉందనీ, తెలిసినవాడు తక్కువకే ఇస్తాడనీ కబురు తెచ్చాడు. "అది 1970లో పుట్టిన వాద్యంరా. అందులో రికార్డు చేసి దాచిన శబ్దమంటూ ఉండదు. కరెంటే స్వరమై పలుకుతుంది. మన సన్నాయిలాగే ఒకసారికి ఒకే స్వరం" అన్నాడు.

చిన్నవాడు ఒప్పుకోలేదు. "అన్నియ్యా, కొత్త డిజిటల్‌ది తీసుకుంటే వెయ్యి ధ్వనులుంటాయి. సన్నాయి అందులోనే ఉంది, మీట నొక్కితే చాలు. పెళ్లి పందిట్లో పాట పాటకీ ధ్వని మార్చాలంటే నీ పాతదానితో అవుద్దా?"

తండ్రి ఇద్దరి మాటా విన్నాడు. "రెండూ తెప్పించండ్రా. సంబరాల దాకా వాయించండి. నా తోడి రాగం దేన్లో పలికితే అది ఉంచుదాం, రెండోది ఎనక్కి పంపేద్దాం" అన్నాడు.

కంచిలిలోనే ఉన్న సోంపేట స్టేషన్లో రెండు పెట్టెలూ దిగాయి.

మొదటి రోజు చిన్నవాడు వాయించాడు. అచ్చం సన్నాయే. వీధిలోవాళ్లు గుమ్మం దగ్గర మూగారు. తండ్రి కళ్లు మూసుకుని విని, "సన్నాయి బాగుందిరా. ఊదినోడెవుడో గానీ గొప్పోడు. కానీ తోడిలో గాంధారం ఊగాల. నీ గాంధారం కదలకుండా కూకుండిపోనాది. నొక్కిన ప్రతిసారీ అదే ఊపిరి. ఇందులో నువ్వెక్కడున్నావు?" అన్నాడు.

మర్నాడు పెద్దవాడి వంతు. ఆ పెట్టె వేడెక్కడానికే చాలాసేపు పట్టింది. అందులో స్వరం పుట్టించే ఆసిలేటర్లు మూడు. వాటిని ఒక శ్రుతికి తేవాలి. తర్వాత ఫిల్టర్ మరను తిప్పి శబ్దంలోని పదునును ఎంతవరకు వదలాలో, ఎంత కోయాలో చూసుకోవాలి. స్వరం చటుక్కున మొదలవ్వాలా, మెల్లగా విచ్చుకోవాలా అన్నది ఇంకో మర. చేసినదాన్ని దాచుకునే జ్ఞాపకం ఆ పెట్టెకు లేదు. రాత్రి కుదిరింది పొద్దున్న మళ్లీ మొదటినుంచి కుదుర్చుకోవాలి. చివరికి ముక్కుతో పలికినట్టుండే ఒక ధ్వని దొరికింది. ఎడమ చేతి దగ్గరున్న చక్రాన్ని మెల్లగా ఊపాడు. గాంధారం ఊగింది. స్వరం నుంచి స్వరానికి జారు పలికింది. తండ్రి లేచి కూర్చున్నాడు.

అంతలో కరెంటు పోయి వచ్చింది. రేకుల కింద ఉక్కపోత. వేడికి స్వరం పక్కకి జరిగింది. తండ్రి ముఖం ముడుచుకుంది. "ఊపిరుందిరా. శ్రుతే లేదు" అన్నాడు.

పెద్దవాడు పట్టు విడవలేదు. ఏ మర ఎక్కడుంటే ఏం పలికిందో నోటుపుస్తకంలో రాసుకున్నాడు. రోజూ కొత్తగా కట్టుకోవడంవల్ల అతనికి ఒక సంగతి తెలిసివచ్చింది. సన్నాయి గొంతు ఒక ముద్ద కాదు. మొదట తాకే పదును, ఊపిరి పెరిగేకొద్దీ విచ్చుకునే వెలుగు, జారుతూ స్వరాన్ని చేరే తీరు, అన్నీ కలిస్తే సన్నాయి. చిన్నవాడు మాత్రం పూటకో ధ్వని మార్చుతూ వెయ్యింటిలో వందయినా పూర్తిగా వినలేదు.

సంబరాలు దగ్గరపడ్డాయి. ఉప్పుగాలికి పాత పెట్టెలో ఒక మర గరగరమనడం మొదలెట్టింది. దాన్ని విప్పి బాగుచేసేవాడు ఆ చుట్టుపక్కల లేడు. పెద్దవాడు నోటుపుస్తకం పట్టుకుని తమ్ముడి పెట్టె ముందు కూర్చున్నాడు. వెతికితే అన్నీ అందులోనూ ఉన్నాయి. ఫిల్టర్ ఉంది. తాకిడిని దిద్దుకునే వీలుంది. జారు ఉంది. ఎడమ పక్కన అదే చక్రం. దాచిపెట్టిన సన్నాయి శబ్దాన్ని తీసుకుని, వేలి బలాన్ని బట్టి పదును మారేలా దిద్దాడు. తర్వాత తమ్ముడి ఎడమ చేతిని తన చేత్తో పట్టి, చక్రం మీద గమకం నేర్పాడు. మిగిలిన రోజులన్నీ చిన్నవాడు ఆ ఒక్క ధ్వనినే సాధన చేశాడు.

సంబరం రాత్రి జనరేటర్ మీదే మేళం నడిచింది. చిన్నవాడు తోడి ఎత్తుకున్నాడు. శ్రుతి కదల్లేదు, గాంధారం ఊగింది. తండ్రి కుర్చీలో తల ఊపుతూ విన్నాడు.

ఇంటికొచ్చాక పెద్దవాడు దిగులుగా అన్నాడు: "నాయినా, నాకు విద్య నేర్పింది ఆ పాత పెట్టె. దాన్ని పంపేయమంటావా?"

తండ్రి గూట్లోంచి సన్నాయి తీశాడు. "ఈ కర్ర మా తాతది. నానూ దీంతోనే ఊదినాను. కానీ కొసన పెట్టి ఊదే పీక? మా తాత పీక నోట పెడితే తాత పలకడురా, పిచ్చికూత పలుకుద్ది. నలిగిపోయిన పీక ఎప్పటికప్పుడు తీసేసి కొత్తది పెట్టుకున్నాను. ఆ పెట్టె కాడ నువ్వు నేర్సుకున్నావే, అదీ కర్ర. పెట్టె పీక. కర్ర ఉంచుకో, పీక మార్సుకో."

అన్నదమ్ములు పాత పెట్టెను శుభ్రంగా తుడిచి, దండం పెట్టి, రైలెక్కించారు.

నీతి: పాతదాని జబ్బును గుణమనుకోవద్దు. కొత్తదాని రాశిని విద్య అనుకోవద్దు. శబ్దం ఎలా పుడుతుందో నేర్పేది గురువు, మన చోట నిలిచి మన పని చేసేది పనిముట్టు. ఆ రెండూ ఒకే పెట్టెలో దొరక్కపోవచ్చు.

ఈ పేచీ ఉద్దానంలో మొదలైంది కాదు. 1983లో యమహా డీఎక్స్7 అనే డిజిటల్ సింథసైజర్ వచ్చినప్పుడు ప్రపంచమంతా ఇదే జరిగింది. శ్రుతి తప్పదు, ధ్వనుల్ని దాచుకుంటుంది, మోయడం తేలిక. స్టూడియోలు పాత అనలాగ్ పెట్టెల్ని అయినకాడికి అమ్ముకున్నాయి. అయితే డీఎక్స్7లో కొత్త ధ్వని కట్టడం కష్టం కాబట్టి, చాలామంది కంపెనీ ఇచ్చిన ధ్వనులతోనే సరిపెట్టుకున్నారు. ఎక్కడ విన్నా ఒకే గొంతు వినబడి విసుగెత్తాక, పారేసిన పాతవాటినే మళ్లీ ఎక్కువ ధర పెట్టి వెతుక్కున్నారు. రెండుసార్లూ పెట్టెనే నమ్మారు, చేతిని మరిచారు.

పెట్టెనే నమ్మితే తిట్టడం కూడా పెట్టెనే తిడతాం. హార్మోనియంలో గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. ఆ ముప్పై ఏళ్లూ మన పద్యనాటకాల్లో నటుడు రాగం తీస్తుంటే వెంట నడిచింది ఆ హార్మోనియమే. పెట్టెలో లేని గమకాన్ని నటుడి గొంతు పలికింది, ఆ గొంతు కోసం ఎక్కడ ఆగాలో, ఎక్కడ అందుకోవాలో వాయించేవాడి చేతికి తెలుసు. చేతికి తెలిస్తే కొత్త యంత్రమైనా పాత నాదం పలుకుతుంది. 1954లో వచ్చిన హిందీ 'నాగిన్' సినిమాలో పాములవాడి నాగస్వరం విని దేశమంతా ఊగిపోయింది. అది నిజం నాగస్వరం కాదు. కల్యాణ్‌జీ క్లావియోలిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం మీద వాయించినది. అప్పటికది కొత్త వింత యంత్రం. పలికింది మాత్రం తరతరాలుగా విన్న నాదం.

మా ఉద్దానం పిల్లలు ఈ రోజు సింథసైజర్ కొనాలనుకుంటే వాళ్లకు చెప్పేది ఇదే. అనలాగ్ పెట్టె ఎక్కడైనా చేతికందితే కొన్నాళ్లు దాని దగ్గర కూర్చోండి. దొరక్కపోతే దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో ఉంది, దానితోనైనా ఒక్క ధ్వనిని మొదటినుంచి కట్టి చూడండి. మన గాలిని, మన కరెంటును తట్టుకునేది, పాడైతే బాగుచేసే మనిషి దొరికేది డబ్బు పెట్టి కొనండి. వెయ్యి ధ్వనులున్నా ఒకదాన్ని మీ సొంతం చేసుకునే దాకా రెండోదాని జోలికి పోవద్దు. అప్పుడు మీ ముందున్న పెట్టె పాతదా, కొత్తదా అని వినేవాళ్లెవరూ అడగరు. ఎవరి శిష్యుడివి అని అడుగుతారు.